పాలక్క కొత్త కొలువు

పాల కేంద్రం మూతపడిన రోజుకి పాలక్కకి ముప్పై తొమ్మిదేళ్ళు. అందులో పదిహేడేళ్ళు ఆ కేంద్రంలోనే గడిచిపోయాయి. తెల్లవారేసరికి చుట్టుపక్కల రైతులంతా క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడేవారు. ఆమె ఒక్కో క్యాన్‌లోంచి గరిటెడు పాలు తీసి, వెన్న శాతం ఎంతుందో పరీక్షించి, పుస్తకంలో రాసేది. తనకన్నా పాతికేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆమెను పాలక్కా అనే పిలిచేవారు. నీళ్ళు కలిపిన పాలు తెచ్చినవాడు ఆమె ఎదురుగా నిలబడితే చాలు, పరీక్ష మొదలుకాకముందే, "రాత్రి వాన పడిందక్కా, మూత సరిగ్గా పెట్టలేదు" అని తనంతట తానే బయటపడిపోయేవాడు.

టౌనులోని పెద్ద డెయిరీ వాళ్ళు లారీలు కొని, ఇళ్ళ ముందుకే వచ్చి పాలు తీసుకోవడం మొదలుపెట్టాక ఆ కేంద్రానికి పని లేకుండా పోయింది. భవనాన్ని అమ్మకానికి పెట్టారు. పాలక్క ఆఖరి రోజున గాజు సీసాలు కడిగి పెట్టెలో సర్దుతుంటే, బయట ఎవరో కారు ఆపిన చప్పుడైంది. డెబ్బై దరిదాపుల్లో ఉన్న మనిషి ఒకాయన, చేతిలో కర్ర, చంకలో అట్ట, మెడలో కళ్ళజోడు, మూలుగుతూ దిగాడు. ఆ చుట్టుపక్కల ఆయన్ని టేపు మాస్టారు అంటారని ఆమెకు తర్వాత తెలిసింది.

"అమ్మా, ఈ టేపు చివర కాస్త పట్టుకుంటావా?" అన్నాడాయన.

ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి పట్టుకుంది. ఆయన గోడ పొడవూ వెడల్పూ కొలిచి రాసుకున్నాడు.

"పైకప్పు వేసి ఎన్నేళ్ళయిందో ఏమైనా తెలుసా?"

"ముందు భాగం పన్నెండేళ్ళయిందండీ. వెనకది గాలివానకి లేచిపోతే ఆరేళ్ళ కిందట కొత్తది వేశారు. అదిగో, ఆ మూల కారుతుంది. కప్పు తప్పు కాదు, కింద గోడ కుంగింది."

మాస్టారు రాయడం ఆపి ఆమె వైపు చూశాడు. "బావి?"

"ఎండాకాలం రెండు నెలలు నీళ్ళు ఉప్పగా అవుతాయి. క్యాన్లు కడుక్కోవడానికి పనికొస్తాయి. తాగడానికి పనికిరావు."

"అమ్మేవాళ్ళ తరఫు మనిషివి కదా నువ్వు. ఇవన్నీ నాతో చెప్పొద్దని నీకెవరూ చెప్పలేదా?"

"అడిగింది మీరు కదండీ!" అంది పాలక్క.

ఆయన పకపకా నవ్వాడు. నవ్వితే మోకాలు నొప్పెట్టిందేమో, అక్కడే ఖాళీ క్యాన్ మీద కూలబడ్డాడు. ఆమె గ్లాసుడు నీళ్ళు తెచ్చిచ్చి, "ఇలా కొలవడం ఉద్యోగమా అండీ?" అని అడిగింది. ఉద్యోగమేనన్నాడాయన. పొలాలకీ, ఇళ్ళకీ, కొట్టాలకీ విలువ కట్టి చెప్పడం. అప్పిచ్చే బ్యాంకుకీ, కొనేవాడికీ, అమ్మేవాడికీ, వాటాలు పంచుకునే అన్నదమ్ములకీ ఆ రిపోర్టు కావాలి. పరీక్ష రాయాలి, లైసెన్సున్న మనిషి దగ్గర రెండేళ్ళు తిరిగి పని నేర్చుకోవాలి. ఈ చుట్టుపక్కల లైసెన్సున్నది తనొక్కడికే. కుర్రవాళ్ళు అందరూ టౌనులోనే ఉండిపోతున్నారు.

"అక్కడ ఒక ఫ్లాటు చూస్తే వంద చూసినట్టే. ఇక్కడ ఒక పొలం లాంటిది ఇంకోటి ఉండదు. ఒకదానికి బావి ఉంటే దారి ఉండదు, దారుంటే మంచి మట్టి ఉండదు. ఎవడికి ఓపిక?"

"నన్ను పనిలో చేర్చుకోండి" అంది పాలక్క. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తాను ఏమందో ఆమెకే తెలియలేదు.

"బాగుంది! నా మోకాళ్ళే నన్ను నడిపించడం లేదు. నేను నిన్నేం నడిపిస్తాను?"

"నడిచేది నేను. మీరు కారులో కూర్చుని అడగండి."

మాస్టారు ఆ రోజు ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ఆమె ఆయన ఇంటికి వెళ్ళి అడిగింది. ఇంకో వారానికి మళ్ళీ వెళ్ళింది. మూడోసారి వెళ్ళేసరికి ఆయన భార్య తలుపు తీసి, లోపలికి తిరిగి, "ఏమండీ, ఒప్పుకుంటారా, లేక ఈ అమ్మాయికి మనింట్లోనే గది ఇమ్మంటారా?" అని కేకేసింది. ఆయన ఒప్పుకున్నాడు.

ఇంట్లో భర్త అడ్డు చెప్పలేదు. ఆయన బడి బస్సు నడుపుతాడు. రోజంతా నలభై మంది పిల్లల గోల విని వచ్చే మనిషికి ఇంట్లో ఎవరేం చెప్పినా సంగీతంలాగే ఉంటుంది. "నీకు నచ్చితే చెయ్యి. పొద్దున వంట నేను చూసుకుంటాను" అన్నాడు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"కూరగాయల బండివాడు ఎంతంటే అంత ఇచ్చొస్తావు. నువ్వు భూములకి వెల కడతావటే?"

"అక్కడ బేరం ఆడక్కర్లేదు అత్తయ్యా. ఉన్నది చూసి చెప్పడమే."

"ఉన్నది చెప్తే ఎవడు వింటాడే, వెర్రి మొహమా" అంది అత్తగారు. ఆ మాట పాలక్కకి చాలా రోజులు గుర్తుంది.

వంటగదిలో గట్టు మీద పుస్తకాలు పెట్టుకుని చదివేది. కాలేజీలో చదివే కూతురు స్టూలు మీద కూర్చుని, మొదటిసారిగా తల్లిని ప్రశ్నలడిగే అవకాశం దొరికినందుకు తెగ సంబరపడిపోయేది. "తప్పు! మళ్ళీ చెప్పు. నన్ను ఇలాగే చేసేదానివిగా చిన్నప్పుడు!" అంత చదివినా మొదటిసారి పరీక్షలో నాలుగు మార్కుల్లో పోయింది. ఆదిలోనే హంసపాదు అనుకుని పాలక్క పుస్తకాలన్నీ సంచిలో కుక్కి అటక మీద పడేసింది. మర్నాడు చూస్తే సంచి మళ్ళీ గట్టు మీదుంది. ఎవరు దించారని అడిగింది. అత్తగారు తల తిప్పకుండా, "తోడేసిన గంటకే పెరుగవుతుందా ఏమిటి?" అంది. రెండోసారికి పరీక్ష గట్టెక్కింది.

ఇక మాస్టారితో తిరగడం మొదలైంది. ఆయన కారు గట్టు పక్కన ఆపుకుని, అద్దం దించుకుని కూర్చునేవాడు. ఆమె వెళ్ళి ఇల్లంతా కొలిచి, పొలం చుట్టూ తిరిగి, బావిలోకి తాడుకి రాయి కట్టి దించి లోతు చూసి, వివరాలన్నీ రాసుకుని వచ్చేది. అప్పుడు ఆయన మొదలుపెట్టేవాడు. తూర్పు గట్టు మీద ఏ చెట్లున్నాయి? పశువులు ఎటువైపు మేస్తున్నాయి? వంటింటి తలుపు తియ్యగానే వాసన ఎలా ఉంది? సగం ప్రశ్నలకి ఆమె నోరు వెళ్ళబెట్టేది. "వెళ్ళి చూసిరా" అనేవాడు. ఎండలో మళ్ళీ వెళ్ళేది. కొన్నాళ్ళకి ఆయన అడగబోయేది ముందే కనిపెట్టి చూసొచ్చేది. ఇంకొన్నాళ్ళకి ఆయన అడగనిది కూడా చెప్పేది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చుని, ఈమధ్య ఎవరు ఏ పొలం ఎంతకి అమ్మారో వెతికి పట్టుకోవడం, దాన్ని తన ముందున్న పొలంతో పోల్చి తేడాలు లెక్కగట్టడం కూడా చేతికొచ్చింది. పదిహేడేళ్ళు పాలు చూసిన కన్ను కదా. ఏ రైతు పశువులు ఎండాకాలంలో కూడా తగ్గకుండా పాలిచ్చేవో ఆమెకి నోటికి వచ్చు. పాలు తగ్గని చోట పచ్చగడ్డి ఉంటుంది, గడ్డి ఉన్నచోట నీరుంటుంది.

రెండో ఏడు చివర్లో మాస్టారు ఒక కాగితం ఆమె చేతికిచ్చాడు. "ఇది మొదట్నించి చివరిదాకా నువ్వే చెయ్యి. నేను కారు కూడా దిగను. అసలు రాను."

ఆ కాగితం మీదున్న చిరునామా చూసి పాలక్క నవ్వుకుంది. పోస్టు బాబాయ్ ఇల్లు. పోస్టుమాన్‌గా రిటైరై, వాగు పక్కన నాలుగెకరాలు సాగు చేసుకుంటున్న ఆయన, పాల కేంద్రం తెరిచిన నాటి నుంచి మూసేదాకా ఒక్క రోజు మానకుండా పాలు పోశాడు. ఇప్పుడు ఇల్లూ పొలం అమ్మేసి, టౌనులో తమ్ముడితో కలిసి విత్తనాల దుకాణం పెడతానంటున్నాడు. కొనేది ఆరోగ్య కేంద్రంలో నర్సు, ఆమె మొగుడు ట్రాక్టర్ల మెకానిక్కు. వాళ్ళకి బ్యాంకు అప్పు కావాలి. బ్యాంకుకి పాలక్క రిపోర్టు కావాలి.

"రావమ్మా పాలక్కా! బ్యాంకు వాళ్ళు ఎవర్నో పంపిస్తారనుకుని బెంగపడ్డాను. మన మనిషివే వచ్చావు!" అని బాబాయ్ ఎదురొచ్చాడు. ఇంటికి కొత్తగా లేత పసుపు రంగు వేయించాడు. గచ్చు తళతళలాడుతోంది. ఆమె బయటి కొలతలు అయ్యాక లోపలికి వచ్చింది. ముందు గది, పడక గది, వంటిల్లు. పడక గదిలో బట్టల బీరువా ఒకటి గోడకి ఆనించి ఉంది. దాని వెనక టేపు దూరడం లేదు. కొంచెం జరిపింది.

బీరువా వెనక రంగు వెయ్యలేదు. పాత సున్నం గోడ మీద, మోకాలెత్తున, బీరువా వెడల్పునా అడ్డంగా ఒక గోధుమ రంగు గీత ఉంది. గీత కింద గోడ ఉబ్బి, పొలుసులు లేచింది.

వెనకనుంచి బాబాయ్ గొంతు వినిపించింది. "అది ఎప్పటిదోలే అమ్మా."

"వాగు ఇంట్లోకి వచ్చిందా బాబాయ్?"

"ఒక్కసారి. తొమ్మిదేళ్ళయింది. మళ్ళీ రాలేదు." ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "అది రాయకు. ఒక్క గీత కోసం బేరం చెడిపోతుంది. దుకాణానికి బయానా ఇచ్చేశాను."

"రాయాలి బాబాయ్."

"పదిహేడేళ్ళు నా పాలకి మంచి శాతం రాశావు కదా! ఇవాళ ఏమొచ్చింది?"

"మీ పాలల్లో ఉన్నదే రాశాను. మీరు ఎన్నడూ ఎక్కువ రాయమని అడగలేదు. అందుకే మీరంటే నాకు గౌరవం."

ఆయన మొహం గంటు పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆయన భార్య తెచ్చిన టీ చల్లారిపోతూ అలాగే ఉంది. పాలక్క గోడని ఫోటో తీసుకుంది, గీత ఎత్తు కొలుచుకుంది. బీరువాని మళ్ళీ యథాస్థానంలోకి నెట్టింది. బస్సెక్కి, రాసుకున్నది మళ్ళీ చదువుకుంది. నిజం నిష్ఠూరంగా ఉంటుందని వినడం వేరు, అది తన నోటితోనే అనాల్సి రావడం వేరు.

రెండు రోజులు కూర్చుని రిపోర్టు రాసింది. రిపోర్టులో ఇంటి విలువని బాగా కోసేసింది. తెలిసిన మనిషని మొగ్గు చూపించిందని ఎవరైనా అంటారేమోనని ఇంకొంచెం కూడా కోసింది. తీసుకెళ్ళి మాస్టారి ముందు పెట్టింది. గీత సంగతి దాచకుండా రాసినందుకు ఆయన మెచ్చుకుంటాడనుకుంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆఖరి పేజీ దాకా చదివాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు.

"నీళ్ళు ఎందుకొచ్చాయి?"

"వాగు పొంగిందండీ."

"వాగు ఏటా పొంగుతుంది. ఆ ఏడే ఎందుకొచ్చాయి? ఎన్ని గంటలున్నాయి? మళ్ళీ వచ్చే వీలుందా, లేదా?"

పాలక్క కాగితాలు వెనక్కి తిప్పి వెతికింది. వాటిలో అదేదీ రాసి లేదు.

"లోపం కనిపెట్టావు. సంతోషం. అది ఎంత లోపమో చెప్పలేదు. భయపడి తగ్గించడం కూడా అబద్ధమేనమ్మా. మొహమాటానికి పెంచినా, భయానికి తగ్గించినా అంకె అంకె కాదు. వెళ్ళి చూసిరా."

పాలక్క కాగితాలు సంచిలో కుక్కుకుని లేచింది. బయటికొచ్చి గేటు దగ్గర నిలబడి, ఈ పని నాకెందుకసలు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అనుకుంది. మాస్టారి భార్య కిటికీలోంచి చూసి, "రెండేళ్ళలో నలుగురు కుర్రాళ్ళని ఇదే గేటు దాకా పంపించారమ్మా ఈయన, నువ్వు రాకముందు. ఒక్కడూ తిరిగి లోపలికి రాలేదు" అంది. అది ఓదార్పో, హెచ్చరికో తెలియలేదు. పాలక్కకి రోషం మాత్రం వచ్చింది. తిన్నగా వాగు దగ్గరికెళ్ళే బస్సెక్కింది.

చెప్పులు చేతిలో పట్టుకుని వాగు వెంబడి కిందికి నడిచింది. బాబాయ్ పొలం దాటాక రోడ్డు అడ్డమొచ్చింది. రోడ్డు కింద వెడల్పాటి వంతెన, సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది. పక్కనే గడ్డిలో పాత గొట్టం ముక్కలు పడి ఉన్నాయి. మనిషి వంగితే గానీ దూరలేనంత సన్నటివి. అవతల మేకలు కాస్తున్న ముసలావిడని అడిగింది.

"ఆ గొట్టాలా? అవే కదూ కొంప ముంచింది! ఆ ఏడు పెద్ద చెట్టొకటి కొట్టుకొచ్చి గొట్టానికి అడ్డం పడింది. నీళ్ళు పోవడానికి దారి లేక వెనక్కి తన్నాయి. మా ఇంట్లోకీ వచ్చాయి. పొద్దున్న వచ్చినవి సాయంత్రానికి తీశాయి. తర్వాతే ఈ వంతెన కట్టారు."

"వంతెన కట్టాక ఎప్పుడైనా వచ్చాయా?"

"ఏదీ, మొన్న నాలుగేళ్ళ కిందటి వానకి కూడా రాలేదు. ఆ వానకి అవతలి చెరుకు చేలన్నీ పడిపోయాయి, మా గడప తడవలేదు."

నాలుగేళ్ళ కిందటి వాన పాలక్కకి బాగా గుర్తుంది. ఆ రోజు పాల కేంద్రానికి వచ్చింది ముగ్గురే ముగ్గురు. అందులో ఒకడు పోస్టు బాబాయ్. పాదాలకి బురద కూడా లేకుండా, గొడుగేసుకుని, "మిగతావాళ్ళంతా నిద్రలేవలేదా అక్కా?" అని జోక్ చేశాడు. ఇల్లు మునిగిన మనిషి అలా రాడు. కానీ జ్ఞాపకాన్ని రిపోర్టులో రాయలేం. మర్నాడు రోడ్ల ఆఫీసుకెళ్ళి, వంతెన ఎప్పుడు కట్టారో, ఎంత నీటికి సరిపోయేలా కట్టారో ఉన్న కాగితం సంపాదించింది. గుమాస్తా రెండు గంటలు కూర్చోబెట్టాడు. ఆమె కూర్చుంది. వాగు వెంట మరో నాలుగిళ్ళకి వెళ్ళి గోడలు చూసింది, మనుషుల్ని అడిగింది. అందరి మాటా ఒకటే. మళ్ళీ బాబాయ్ పొలంలోకి దిగి పల్లపు భాగం తవ్వి చూస్తే, ఆనాటి వరద తెచ్చిన సారవంతమైన ఒండ్రు జానెడు మందాన నల్లగా మెరుస్తోంది. బాబాయ్ గట్టు మీద నిలబడి చూశాడే గానీ పలకరించలేదు.

రిపోర్టు మళ్ళీ రాసింది. వరద వచ్చిన మాట, గీత ఎత్తు, వచ్చిన కారణం, కట్టిన వంతెన, ఆ తర్వాతి పెద్దవాన, ఒండ్రు మట్టి, దెబ్బతిన్న గోడని బాగుచెయ్యడానికయ్యే ఖర్చు. ఒక్కటీ వదల్లేదు. విలువ బాబాయ్ కోరుకున్నదానికన్నా కొంచెం తక్కువకి, ఆమె మొదట రాసినదానికన్నా చాలా ఎక్కువకి తేలింది. మాస్టారు చదివి, కలం తీసి, మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. ఆయన దగ్గర అంతకన్నా పెద్ద మెప్పు ఉండదని ఆమెకు అప్పటికే తెలుసు.

పది రోజుల తర్వాత నర్సు ఆమె ఇంటికే వచ్చింది. చేతిలో రిపోర్టు నకలు. పాలక్క ఆమెకి కుర్చీ వేసింది. బేరం పోయిందనుకుంది.

"అక్కా, గోడ సంగతి మాకెవరూ చెప్పలేదు. మొదట మా ఆయన వద్దే వద్దన్నాడు. తర్వాత మొత్తం చదివాం. వంతెన దాకా నడిచెళ్ళి చూసొచ్చాం. కొంటున్నాం" అంది నర్సు. "ఒక్క మాట అడగాలని వచ్చాను. పశువుల కొట్టం పైగట్టు మీద వేస్తే మంచిదా?"

"అది నా పని కాదమ్మా, నేను విలువే చెప్పాలి" అంది పాలక్క. గుమ్మం దాకా సాగనంపుతూ, "అయినా నేనైతే పైగట్టు మీదే వేస్తాను" అంది.

తలుపు వారనే కూర్చుని అంతా వింటున్న అత్తగారు, నర్సు వెళ్ళాక, "ఉన్నది చెప్తే వినేవాళ్ళు కూడా ఉన్నారన్నమాట!" అని తనలో తను గొణుక్కుంది.

పోస్టు బాబాయ్ మాత్రం నెల రోజులు మాట్లాడలేదు. సంతలో ఎదురుపడితే పక్కకి తిరిగిపోయాడు. అది ఆమెను బాగానే బాధపెట్టింది. పొలం చేతులు మారాక, దుకాణం తెరిచాక, ఒక రోజు ఎవరో నడివయసు అన్నదమ్ములిద్దరు వెతుక్కుంటూ వచ్చారు. తండ్రి పొలం పంచుకోవాలి, ఒకరంటే ఒకరికి నమ్మకం లేదు. "విత్తనాల కొట్టు ఆయన పంపించాడు. 'ఆవిడ దగ్గరికే వెళ్ళండి, కన్నతండ్రి అడిగినా ఒక్క అంకె మార్చదు' అన్నాడు. కొంచెం కోపంగానే అన్నాడులెండి" అన్నాడు పెద్దవాడు. ఆమె నవ్వుదామనుకుంటే కళ్ళు చెమ్మగిల్లాయి.

లైసెన్సు వానాకాలం మొదట్లో వచ్చింది. భర్త దాన్ని బస్సులో పెట్టుకుని నలభై మంది పిల్లలకీ చూపించొచ్చాడు. కూతురు ఫోటో తీసి స్నేహితులకి పంపింది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని, ఆ కాగితాన్ని దూరంగా దగ్గరగా జరిపి చూసి, "ఇందులో నీ మొహం బాగా రాలేదే" అని, అయినా పక్కింటావిడకి చూపించడానికి పట్టుకెళ్ళి చీకటి పడేదాకా తిరిగి తేలేదు. టేపు మాస్టారు ఇక విశ్రాంతి తీసుకుంటానని బ్యాంకులకి ఉత్తరాలు రాసేశాడు.

మొదటి పని కొండవాలులో ఒక తోటది. రెండు బస్సులు మారి, అరగంట నడిచి, పాలక్క గేటు ముందుకు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. గేటు వెనకనుంచి నల్లకుక్క ఒకటి మీదికి దూకుతోంది. చేతుల నిండా మట్టితో ఓ మనిషి వచ్చింది, తోట యజమానురాలు. పాలక్కని పైనుంచి కిందిదాకా చూసి, ఆమె వెనక రోడ్డు వైపు తొంగిచూసింది.

"సారు వెనక వస్తున్నారా?"

"సారు లేరండీ. నేనే."

"ఓహో" అందావిడ. ఒక్క క్షణం ఏమనుకుందో ఏమో, కుక్కని మెడపట్టీ పట్టుకుని పక్కకి లాగింది. "రండి. కుక్కని కట్టేస్తాను. ముందు ఇల్లు చూస్తారా, తోట చూస్తారా?"

"కుక్కని కట్టేస్తే ఏదైనా చూస్తాను" అంది పాలక్క. ఆవిడ నవ్వి గేటు బార్లా తీసింది.